పాత కారులో పెట్రోలు పంపు మొరాయిస్తే: లోపాన్ని పట్టిచ్చే ఓం సూత్రం

మధ్యాహ్నం ఎండలో ట్రాఫిక్‌లో కారు ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. అరగంట నీడలో ఉంచితే ఏమీ జరగనట్టే స్టార్టవుతుంది. గ్యారేజీలో పెట్రోలు పంపు మారుస్తారు. కొన్ని వేల రూపాయలు ఖర్చవుతాయి. పది రోజులు పోయాక కారు మళ్లీ అదే చోట, అదే వేడిలో ఆగిపోతుంది.

పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన కార్లున్న ఎందరికో ఇది తెలిసిన కథే. ఇలాంటి సందర్భాల్లో చాలాసార్లు పంపు నిర్దోషి. దాని దాకా కరెంటును మోసుకొచ్చే దారిలో ఎక్కడో ఒక పిన్నుకు చిలుము పట్టి ఉంటుంది, ఒక రిలే అలసిపోయి ఉంటుంది, లేదా ఎర్త్ బోల్టు వదులై ఉంటుంది. ఆ చోటు కనిపెట్టడానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక మామూలు మల్టీమీటరు, ఒక బల్బు, హైస్కూల్లో చదువుకున్న ఓం సూత్రం చాలు. అయితే మీటరు చూపే అంకెను ఎలా అర్థం చేసుకోవాలో తెలిసి ఉండాలి.

పెట్రోలుకు కరెంటు ఎందుకు అవసరమైంది?

కార్బ్యురేటర్ ఉన్న కార్లలో చాలావాటికి పెట్రోలు పంపు యాంత్రికమైనది. ఇంజిన్ తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక మీటను తోస్తుంది, మీట డయాఫ్రమ్‌ను కదిలిస్తుంది, పెట్రోలు ముందుకు వస్తుంది. మోరిస్ మైనర్ లాంటి కొన్ని పాత బ్రిటిష్ కార్లలో మాత్రం విద్యుత్ పంపు ఉండేది. దాని కాంటాక్ట్ పాయింట్లు కాలి, గుంటలు పడి ఇరుక్కుపోతే, పంపును చిన్నగా తట్టడం డ్రైవర్లకు అలవాటు. తట్టగానే పాయింట్లు కదిలి పంపు పనిచేసేది. ఇంధన వ్యవస్థలో విద్యుత్ లోపాలు అప్పటి నుంచీ ఉన్నవే.

మన దేశంలో పరిస్థితి వేగంగా మారింది 1990ల చివర్లో. 1998లో వచ్చిన శాంత్రో వంటి కార్లు ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌తో వచ్చాయి. 1999లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో దిల్లీ రాజధాని ప్రాంతంలో యూరో-2 కాలుష్య ప్రమాణాలు 2000 ఏప్రిల్ నుంచి అమలయ్యాయి. 2005లో భారత్ స్టేజ్-2 దేశమంతటికీ వచ్చింది. పెట్రోలును కొలిచి, సరైన క్షణంలో చిమ్మితే తప్ప ఈ ప్రమాణాలను అందుకోవడం కష్టం. అందుకే కార్బ్యురేటర్ పోయి ఇంజెక్టర్లు వచ్చాయి. వాటికి సుమారు 3 బార్‌ల స్థిరమైన ఒత్తిడి కావాలి. ఆ పని కోసం ట్యాంకులోనే విద్యుత్ పంపును అమర్చారు. ఆ తొలి తరం ఇంజెక్షన్ కార్లే ఇప్పుడు పాత కార్లు.

ఈ వ్యవస్థలో కరెంటు ప్రయాణం ఇలా ఉంటుంది: బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజుకు, అక్కడి నుంచి రిలేకు, రిలే నుంచి కారు పొడవునా సాగే తీగ ద్వారా వెనక ఉన్న కనెక్టరుకు, కనెక్టరు నుంచి పంపు మోటారుకు. పంపు నుంచి నల్ల తీగ ద్వారా కారు ఇనుప బాడీకి, బాడీ ద్వారా తిరిగి బ్యాటరీ మైనస్‌కు. దారిలో అతుకులు పది దాకా ఉంటాయి. రాగి తీగ ఇరవై ఏళ్లలో పెద్దగా పాడవదు. పాడయ్యేవి అతుకులే.

మొదటి రెండు సెకన్లు

మీటరు తీయకముందే చెవితో చేయాల్సిన పరీక్ష ఒకటుంది. తాళం 'ఆన్' స్థానానికి తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా ఆగాలి. చాలా ఎంపీఎఫ్ఐ కార్లలో పంపు రెండు, మూడు సెకన్లు సన్నగా గుయ్‌మని మోగి ఆగిపోతుంది. చాలా కార్లలో ఈ శబ్దం వెనక సీటు కింద నుంచి వస్తుంది.

పంపు అలా ఆగిపోవడం లోపం కాదు, రక్షణ ఏర్పాటు. ఇంజిన్ తిరుగుతున్నట్టు క్రాంక్ సెన్సార్ నుంచి సంకేతం వస్తేనే కంప్యూటర్, అంటే ఇసియు, పంపును మళ్లీ నడుపుతుంది. ప్రమాదంలో పైపు తెగి ఇంజిన్ ఆగిపోతే పంపు పెట్రోలును రోడ్డు మీద పోస్తూ ఉండకూడదు కదా.

ఈ శబ్దం నుంచి చాలా తెలుస్తుంది. తాళం తిప్పగానే మోగి, సెల్ఫ్ కొట్టేటప్పుడు మోగకపోతే అనుమానం పంపు మీద కాదు, క్రాంక్ సెన్సార్ మీదకు వెళ్లాలి. అసలు మోగకపోతే ఫ్యూజు, రిలే, తీగలు, పంపు వరసగా చూడాలి. ఇమ్మొబిలైజర్ ఉన్న కార్లలో తాళం చెవిని గుర్తించకపోయినా ఇంజిన్ స్టార్టవదు కాబట్టి డ్యాష్‌బోర్డులో ఆ దీపం మెరుస్తోందేమో చూడాలి. శబ్దం వస్తోంది కానీ నీరసంగా ఉంటే, పంపుకు చాలినంత వోల్టేజీ అందడం లేదేమో కొలవాలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

మీటరు 12 చూపినా నమ్మకూడదెందుకు?

పంపు కనెక్టరు ఊడదీసి, తీగ చివర మల్టీమీటరు పెడతారు. 12.6 వోల్టులు చూపుతుంది. "కరెంటు వస్తోంది, పంపే పోయింది" అని తేల్చేస్తారు. పాత కార్లలో అనవసరంగా పంపులు మార్చడానికి ఈ ఒక్క పొరపాటే పెద్ద కారణం.

మేడ మీది నీళ్ల ట్యాంకును తలుచుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పైపులో గారపట్టి సన్నని రంధ్రం మాత్రమే మిగిలిందనుకోండి. కింద కుళాయి మూసి ఉన్నంతసేపూ పైపులో ఒత్తిడి పూర్తిగానే ఉంటుంది. కుళాయి తిప్పితే మాత్రం నీళ్లు బొట్లు బొట్లుగా పడతాయి. నీరు కదలనప్పుడు అడ్డంకి ఉనికి బయటపడదు.

కరెంటు సంగతీ అంతే. తీగలో తగ్గిపోయే వోల్టేజీ, ప్రవాహాన్ని నిరోధంతో గుణిస్తే వస్తుంది. ప్రవాహం సున్నా అయితే ఎంత నిరోధం ఉన్నా నష్టం సున్నాయే. డిజిటల్ మల్టీమీటరు తన లోపలి నిరోధం సాధారణంగా 1 కోటి ఓములు ఉండేలా తయారవుతుంది. కొలిచే వలయాన్ని కదిలించకుండా కొలవాలన్నది దాని ఉద్దేశం. ఇప్పుడు దారిలో ఒక పిన్నుకు బాగా చిలుము పట్టి, 1000 ఓముల నిరోధం ఏర్పడిందనుకుందాం. మీటరు పెట్టినప్పుడు ప్రవహించే కరెంటు ఆంపియరులో పది లక్షల వంతు కన్నా కాస్త ఎక్కువ. దాంతో ఆ పిన్ను దగ్గర పోయేది దాదాపు 1 మిల్లీవోల్టు. మీటరు నిక్షేపంగా 12.6 చూపుతుంది. అదే తీగకు పంపును కలిపితే మొత్తం వోల్టేజీ ఆ పిన్ను దగ్గరే ఆగిపోతుంది. పంపు కదలదు.

ఓము మీటరుతో తీగ నిరోధం కొలవడమూ ఇలాగే మోసం చేయవచ్చు. మామూలు మీటరు తీగలకే 0.2 నుంచి 0.3 ఓముల నిరోధం ఉంటుంది. కాబట్టి 0.3 ఓముల లోపం అందులో కలిసిపోయి కనబడదు. పంపు 6 ఆంపియర్లు తీసుకుంటే ఆ 0.3 ఓములే 1.8 వోల్టులను మింగేస్తాయి.

అందుకే తొలి సూత్రం ఇది: పంపు పనిచేస్తున్నప్పుడే కొలవాలి. పంపు అసలు తిరగకపోతే, కనెక్టరు దగ్గర పంపు స్థానంలో 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు కలిపి చూడాలి. అది దాదాపు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. బల్బు కాంతిగా వెలిగితే దారి చాలావరకు బాగున్నట్టు, గుడ్డిగా వెలిగితే దారిలో అడ్డంకి ఉన్నట్టు. ఈ బల్బును ఇసియుకు వెళ్లే సన్నని తీగల మీద మాత్రం ఎప్పుడూ వాడకూడదు. ఆ వలయాలు అంత కరెంటును తట్టుకోలేవు.

పోయిన వోల్టులు ఎక్కడ పోయాయి?

ఇక అసలు పరీక్ష. దీన్ని వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అంటారు. వోల్టేజీ ఎంత వస్తోందని కాకుండా, దారిలో ఎంత పోతోందని కొలవడం ఇందులోని కిటుకు. 1845లో జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ కిర్కాఫ్ చెప్పిన నియమం దీనికి ఆధారం: ఒక వలయంలో బ్యాటరీ ఇచ్చిన వోల్టేజీ మొత్తం, వలయంలోని భాగాల మధ్య పంచుకున్న వోల్టేజీల మొత్తానికి సమానం. అంటే పోయిన ప్రతి వోల్టుకూ లెక్క తేలాల్సిందే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంజిన్ నడుస్తోంది, బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉన్నాయి. పంపు రెండు పిన్నుల మధ్య కొలిస్తే 10.4 మాత్రమే. 3.4 వోల్టులు దారిలో పోయాయన్నమాట.

మొదట మీటరు ఒక కొనను బ్యాటరీ ప్లస్ మీద, రెండోదాన్ని పంపు ప్లస్ పిన్ను మీద పెట్టాలి. పొడవైన తీగ ఒకటి జతచేసుకుంటే చేరుతుంది. మీటరు 0.7 చూపింది. ప్లస్ వైపు దారిలో పోయేది అంతే. తర్వాత పంపు మైనస్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలవాలి. మీటరు 2.7 చూపింది. రెండూ కలిపితే 3.4. లెక్క సరిపోయింది. దొంగ ఎర్త్ వైపు ఉన్నాడు.

ఇక ఆ దారిని ముక్కలు చేయాలి. నల్ల తీగ బాడీకి కలిసే బోల్టు దగ్గర, పంపు మైనస్ పిన్ను నుంచి బోల్టు పక్కన శుభ్రంగా గీకిన ఇనుము దాకా 2.6 వోల్టులు. అక్కడి నుంచి బ్యాటరీ మైనస్ దాకా 0.1 మాత్రమే. బోల్టు విప్పితే కింద తుప్పు కనిపిస్తుంది. గీకి, బిగించి, పైన కాస్త గ్రీజు రాస్తే అక్కడి నష్టం 0.1 వోల్టు దగ్గరికి దిగుతుంది. ఈ మరమ్మతుకు కావాల్సింది ఒక స్పానరు, ఒక ఉప్పు కాగితం ముక్క.

ఎంత నష్టం సహజం, ఎంత అనుమానించాలి? ఒక్కో అతుకు దగ్గర 0.1 నుంచి 0.2 వోల్టుల లోపు, మొత్తం ప్లస్ వైపు దాదాపు అర వోల్టు, ఎర్త్ వైపు 0.2 వోల్టు దాటకూడదన్నది మెకానిక్కులు పాటించే కొలమానం. పై ఉదాహరణలో ప్లస్ వైపు ఉన్న 0.7 కూడా కాస్త ఎక్కువే. ఫ్యూజు పట్టు, రిలే పిన్నులు శుభ్రం చేయడం మంచిది. ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న 4 మీటర్ల రాగి తీగ నిరోధం సుమారు 0.07 ఓములు. 6 ఆంపియర్ల దగ్గర అది తినేది 0.4 వోల్టు. దాన్ని తప్పించలేం. కానీ 0.5 ఓముల చిలుము పట్టిన ఒక్క పిన్ను, అలాంటి తీగ దాదాపు 29 మీటర్ల పొడవుకు సమానం.

పై బోల్టు దగ్గర 5 ఆంపియర్ల కరెంటు నడిస్తే 2.6 వోల్టుల నష్టం అంటే 13 వాట్ల వేడి. ఇంట్లో వెలిగే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు కన్నా ఎక్కువ శక్తి ఒక చిన్న అతుకులో వేడిగా మారుతోంది. వేడికి తుప్పు పెరుగుతుంది, తుప్పుతో నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. ప్లాస్టిక్ కనెక్టరు గోధుమరంగుకు మారి కరిగినట్టు కనిపిస్తే ఈ చక్రం అక్కడ చాలాకాలంగా తిరుగుతున్నట్టే.

వోల్టేజీ తగ్గితే పంపుకు ఏమవుతుంది?

పంపు మోటారు తిరిగేటప్పుడు తనలోనే ఒక ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది. వేగం ఎంత ఉంటే అది అంత. మోటారు తీగచుట్ట నిరోధం 0.5 ఓములు, కరెంటు 5 ఆంపియర్లు అనుకుంటే, చుట్టలోనే 2.5 వోల్టులు పోతాయి. 13.5 వోల్టులు అందితే ఎదురు వోల్టేజీకి మిగిలేది 11. అదే 10.5 వోల్టులే అందితే మిగిలేది 8. నెట్టాల్సిన ఒత్తిడి మారదు కాబట్టి కరెంటు పెద్దగా తగ్గదు, వేగం మాత్రం 73 శాతానికి పడిపోతుంది. వోల్టేజీ 22 శాతం తగ్గితే వేగం 27 శాతం తగ్గిందన్నమాట. పంపు లోపలి సందుల్లోంచి వెనక్కి కారే పెట్రోలు ఎలాగూ ఉంటుంది కాబట్టి, ముందుకు వెళ్లే పెట్రోలు అంతకన్నా ఎక్కువగా తగ్గుతుంది.

లక్షణాలు దీనికి తగ్గట్టే ఉంటాయి. ఐడ్లింగ్‌లో ఇంజిన్ బాగానే ఉంటుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడో, లారీని దాటేటప్పుడో పికప్ చచ్చిపోతుంది. లారీకి ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు ఇంజిన్ బలం తగ్గిపోవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. "కాస్త లాగడం లేదు" అనిపించే దశలోనే ఈ లోపాన్ని పట్టుకోవడం అందుకే ముఖ్యం.

వేడెక్కితే ఆగి, చల్లారితే నడిచే కార్లు

మొదట చెప్పుకున్న కారు దగ్గరికి వస్తే, వేడితో వచ్చి వేడితో పోయే లోపానికి తరచూ కారణమయ్యేది రిలే. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే విద్యుదయస్కాంత స్విచ్. దాని చుట్ట నిరోధం సుమారు 80 ఓములు, తీసుకునే కరెంటు 0.15 ఆంపియరు. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు చేరితే 80 ఓములు 99 అవుతాయి. కరెంటు 0.12కు పడిపోతుంది, అయస్కాంతం బలహీనపడుతుంది. కొత్త రిలే దీన్ని లెక్కచేయదు. ఇరవై ఏళ్లు పనిచేసి, పాయింట్లు కాలి, స్ప్రింగు బిరుసెక్కిన రిలే అక్కడే చేతులెత్తేయవచ్చు.

రెండో కారణం రిలే లోపలి టంకం. ఎండలో నిలిపిన కారు లోపలి భాగాలు పగలు బాగా వేడెక్కి, రాత్రి చల్లారతాయి. రాగి, టంకం, సర్క్యూట్ బోర్డు ఒక్కొక్కటి ఒక్కోలా వ్యాకోచిస్తాయి. వేలసార్లు సాగి ముడుచుకున్నాక పిన్ను చుట్టూ వెంట్రుకవాసి పగులు వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు అది తాకుతూ ఉంటుంది, వేడెక్కగానే విడిపోతుంది. భూతద్దంతో చూస్తే పిన్ను చుట్టూ సన్నని వలయంలా కనిపిస్తుంది.

పరీక్ష సులువు. హారన్‌కో, ఏసీకో వాడే రిలే అదే రకానిది, అదే పిన్ను అమరికతో ఉంటే దాన్ని తీసి పంపు స్థానంలో పెట్టి కొన్ని రోజులు నడపాలి. లోపం మాయమైతే దోషి దొరికినట్టే. లేదా కారు ఆగిపోయిన వెంటనే, చల్లారేలోగా, పంపు దగ్గర బల్బు పెట్టి చూడాలి. అడపాదడపా వచ్చే లోపాన్ని అది ఉన్నప్పుడే పట్టుకోవాలి. చల్లారాక చేసే పరీక్షలన్నీ "అంతా బాగుంది" అనే చెబుతాయి.

ఇంజెక్టర్లు, ముల్లు ఊగే మీటరు

పంపు బాగుండి, ఒత్తిడి సరిపోయి, ఇంజిన్ మిస్ కొడుతుంటే ఇంజెక్టర్లను చూడాలి. ఈ తరం కార్లలో చాలావాటికి ఇంజెక్టరు చుట్ట నిరోధం 12 నుంచి 16 ఓముల మధ్య ఉంటుంది. వేడి ఇంజిన్‌లో కొలిస్తే ఎక్కువ చూపడం సహజం. 20 డిగ్రీల దగ్గర 14 ఓములున్నది 80 డిగ్రీల దగ్గర 17 దాటుతుంది. అందుకే అంకె కన్నా పోలిక ముఖ్యం. మూడు ఒకేలా ఉండి నాలుగోది బాగా తేడాగా ఉంటే దానిదే లోపం.

డ్యాష్‌బోర్డులోని పెట్రోలు ముల్లు కూడా ఒక సాక్షి. ట్యాంకులో తేలే బొండు ఒక చర నిరోధాన్ని కదుపుతుంది, ముల్లు దాన్ని చూపుతుంది. చాలా కార్లలో దీనికీ పంపుకూ ఎర్త్ తీగ ఒకటే. పంపు మోగగానే ముల్లు ఊగితే, పంపు కరెంటు ఆ ఉమ్మడి ఎర్త్‌లో వోల్టేజీని పుట్టిస్తోందని అర్థం. మీటరు తీయకుండానే ఎర్త్ లోపం బయటపడినట్టు.

ఫ్యూజుతో ఆటలు వద్దు

15 ఆంపియర్ల ఫ్యూజు పదే పదే పోతోందని 30 ఆంపియర్లది పెట్టడం, లేదా సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఫ్యూజు కరగాల్సిన చోట తీగ తొడుగు కరుగుతుంది. ఆ తీగ వెళ్లేది పెట్రోలు ట్యాంకు దాకా. ఫ్యూజు పోతోందంటే ఎలుక కొరికిన తీగ బాడీకి తాకుతోందేమో, పంపు బిగుసుకుపోయిందేమో వెతకాలి.

పెట్రోలు ఆవిరి మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకోగలదు. గాలిలో దాని వాటా సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. మరి ట్యాంకులో మునిగి ఉన్న మోటారు నుంచి మంట ఎందుకు రాదు? మూసిన ట్యాంకులో ఆవిరి 7.6 శాతం కన్నా చాలా ఎక్కువ ఉంటుంది. మండటానికి చాలినంత ఆక్సిజన్ ఉండదు. మూత తీసిన క్షణం నుంచి ఈ రక్షణ పోతుంది. బయటి గాలితో ఆవిరి కలిసి మండే పాళ్లకు వస్తుంది. కాబట్టి పంపు బయటకు తీసేముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పాలి. పని ఆరుబయట జరగాలి. ట్యాంకు నోరు తెరిచి ఉండగా మీటరు, బల్బు పరీక్షలు చేయకూడదు. బయటకు తీసిన పాత పంపును నేరుగా బ్యాటరీకి తగిలించి చూసే అలవాటు అన్నిటికన్నా ప్రమాదకరం. ఆ పంపును చల్లబరిచేది కూడా పెట్రోలే కాబట్టి, ఎప్పుడూ అడుగంటిన ట్యాంకుతో నడిపితే పంపు ఆయుష్షు తగ్గుతుంది.

గాలి, ఇంధనం, కాలం

విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి తీర నగరాల్లో ఉప్పు గాలి కనెక్టర్లలోకి చేరి చిలుమును తొందరపెడుతుంది. ఇంధనమూ మారింది. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20 పెట్రోలు అమ్మకాలు 2023 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. శుద్ధ పెట్రోలు దాదాపు విద్యుత్ నిరోధకం. ఇథనాల్‌కు కరెంటును మోసే గుణం అంతకన్నా ఎక్కువ, పైగా తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో మునిగి ఉండే పిన్నులు, సెండర్ పట్టీలు క్షయానికి గురయ్యే అవకాశం దాంతో పెరుగుతుంది. ఆ ఇంధనం కోసం రూపొందించని పాత కార్లలో ఈ భాగాలను అప్పుడప్పుడు చూసుకోవాలి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. అంతకాలం కారును నడపాలనుకునేవారు గుర్తుంచుకోవాల్సిన వరస చిన్నదే: ముందు చెవితో వినాలి, తర్వాత పంపు తిరుగుతుండగా దాని దగ్గర వోల్టేజీ కొలవాలి, తగ్గితే ప్లస్ వైపు ఎంత, ఎర్త్ వైపు ఎంత అని విడదీయాలి, నష్టం ఎక్కువున్న వైపు ఒక్కో అతుకూ దాటుకుంటూ వెళ్లాలి. పంపు పిన్నుల దగ్గర పూర్తి వోల్టేజీ ఉండి, అయినా పంపు తిరగకపోతే అప్పుడు మాత్రమే కొత్త పంపు కొనాలి.